జకార్తా ఫైనల్ గాలివాటంగా గెలిచింది కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆదివారం మీ స్పోర్ట్స్ పేజీలో 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఇండియా గెలిచిన ఫుట్‌బాల్ ఫైనల్ మీద వేసిన వ్యాసం చదివాను. వేసినందుకు సంతోషం, క్రికెట్ వార్తల మధ్య ఫుట్‌బాల్‌కు అరపేజీ దొరకడమే గొప్ప. కానీ వ్యాసమంతా స్టేడియంలో జనం ఎంత గోల చేశారు, మనవాళ్లకు ఎంత రోషం వచ్చింది అన్నదే ఉంది, ఆట ఎలా గెలిచారన్నది మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశారు. పైగా హెడ్డింగ్ ‘అద్భుతం’ అని. రోషంతోనే గోల్స్ పడేటట్టయితే మా గల్లీ టీమ్ ఎన్ని కప్పులు కొట్టేదో.

గోల మాట నిజమే. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను ఇండోనేషియా రానివ్వకపోతే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో ఉన్న మన గురుదత్ సోంధి తప్పుపట్టారు, దాంతో అక్కడి జనానికి ఇండియా పేరు చెబితేనే ఒళ్లు మండింది, మన రాయబార కార్యాలయం మీదికి కూడా వెళ్లారు. సెప్టెంబర్ 4న ఫైనల్ నాడు సుమారు లక్షమంది మన మీద అరుస్తుంటే, హాకీ ఫైనల్లో మనల్ని ఓడించిన పాకిస్తాన్ జట్టువాళ్లు మాత్రం మనవైపు కేకలేశారని ఆనాటి మన ఆటగాళ్లే తర్వాత చెప్పుకున్నారు. ఇదంతా మీరు రాశారు, బాగానే రాశారు.

రాయనిది ఏమిటంటే, ఎదుటివాళ్లెవరో. దక్షిణ కొరియా అంటే 1956, 1960ల్లో జరిగిన మొదటి రెండు ఏషియన్ కప్‌లూ ఎత్తుకుపోయిన జట్టు. ఆ జకార్తాలోనే మన మొదటి మ్యాచ్ వాళ్లతోనే పడింది, 0-2తో చిత్తుగా ఓడాం. తర్వాత థాయిలాండ్‌ను 4-1, జపాన్‌ను 2-0, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటుకుని వస్తే మళ్లీ ఎదురుగా అదే కొరియా. ఎవరిని అడిగినా కొరియాదే కప్పు అనేవాళ్లు.

మరి మన జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గారు ఏం చేశారు? థాయిలాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టేవారు. ఈయన ఆ కట్టుతోనే తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు, వెనక ఆయన చోటు అరుణ్ ఘోష్ చూసుకున్నాడు. సెమీస్‌లో జర్నైల్ గోల్ కొట్టాడు కాబట్టి ఫైనల్లోనూ అక్కడే ఉంచారు. సెమీస్‌లో ప్రద్యోత్ బర్మన్ నిలబడ్డ గోల్‌లోకి ఫైనల్‌కు తంగరాజ్‌ను దించారు. త్రిలోక్ సింగ్ కాలివేలి దెబ్బతోనే ఆడాడు. 17వ నిమిషంలో పీకే బెనర్జీ ఒకటి, 20వ నిమిషంలో ఆ కుట్లున్న జర్నైల్ ఇంకొకటి. కొరియా ఆఖర్లో ఎప్పుడో ఒకటి కొట్టింది, 2-1. ఇందులో అద్భుతం ఎక్కడుంది సార్, లెక్క ఉంది గానీ.

ఆ లెక్క జకార్తాలో పుట్టింది కాదు, మన హైదరాబాద్‌లో పుట్టింది. రహీం గారు కాచిగూడ స్కూల్లో పాఠాలు చెప్పిన మాస్టారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నమెంట్‌ను వరసగా ఐదుసార్లు కొట్టిందంటే వెనక ఉన్నది ఆయనే. కుర్రాళ్లకు ఆయన వాటం లేని కాలితో మాత్రమే ఆడే టోర్నమెంట్లు పెట్టేవారు. మా పెద్దనాన్న వాటిని చూశాడు, కుడికాలి వాటం వాడు అలవాటుకొద్దీ కుడికాలితో తన్నితే ఫౌల్ అని, చూసేవాళ్లు పడీపడీ నవ్వేవారని చెప్పేవాడు. మొన్న మా మనవడితో అపార్ట్‌మెంట్ కింద నేనూ ఎడమకాలితో ప్రయత్నించా. బంతి గేటు వైపు వెళ్లాల్సింది పోయి వాచ్‌మన్ ఆరేసుకున్న లుంగీ మీద పడింది, నా తుంటి రెండు రోజులు పట్టేసింది. అది నవ్వులాట కాదని అప్పుడు తెలిసింది.

ఫైనల్ ఆడిన పదకొండు మందిలో మన హైదరాబాద్, సికింద్రాబాద్ వాళ్లు ముగ్గురు. సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి పైకొచ్చిన తంగరాజ్, ఎక్కడ ఆడమంటే అక్కడ ఆడే యూసుఫ్ ఖాన్, అమ్ముగూడ బలరాం. బలరాం ఇంటి దగ్గర్నుంచి ప్రాక్టీస్‌కు రావడానికి డబ్బుల్లేకపోతే సైకిల్ అద్దె రహీం గారే ఇచ్చేవారట. మీ వ్యాసంలో ఈ ముగ్గురిలో ఒక్కరి పేరూ లేదు. హైదరాబాద్ ఎడిషన్‌లో! నాకు కోపం వచ్చింది అక్కడే, మిగతాదానికి ఇంత ఉత్తరం రాసేవాణ్ణి కాదు. రహీం గారి పేరు ఉంది, కానీ అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉందని గానీ, తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, 53 ఏళ్లకే పోయారని గానీ లేదు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు.

సవరణ వేసే అలవాటు మీకు ఉంది కాబట్టి అడుగుతున్నా, ఆ పదకొండు పేర్లూ ఒకచోట వేయండి. వెతుక్కునే శ్రమ లేకుండా నేనే రాసిస్తున్నా: తంగరాజ్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్, అరుణ్ ఘోష్, ప్రశాంత సిన్హా, ఫ్రాంకో, పీకే బెనర్జీ, యూసుఫ్ ఖాన్, జర్నైల్ సింగ్, కెప్టెన్ చునీ గోస్వామి, బలరాం. చోటు సరిపోకపోతే నా ఉత్తరం కత్తిరించండి, పేర్లు కత్తిరించకండి.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు, సికింద్రాబాద్