హాల్ టికెట్ల పూజతోనే పిల్లలకు భక్తి అబ్బుతుందా?

సంపాదకుడి గారికి నమస్కారం.

పరీక్షలు దగ్గరపడితే చాలు, కడపలో ఏ గుడి చూసినా హాల్ టికెట్లు, పెన్నులు స్వామి పాదాల దగ్గర పెట్టించడానికి తల్లిదండ్రులు క్యూ కడుతున్నారు. నేనూ కట్టాను. రెండేళ్ళ కిందట మా పెద్దోడికి పదో తరగతిలో అనుకున్నన్ని మార్కులు రాలేదు, ఆ సాయంత్రం వాడు "అన్ని టెంకాయలు కొట్టినావు, మీ దేవుడు ఏం చేసినాడమ్మా?" అన్నాడు. కోపంతో చెయ్యి ఎత్తి దించేశాను. దేవుడంటే మార్కులిచ్చేవాడని వాడికి నేర్పింది నేనే కదా, చిన్నప్పటి నుంచి గుడికి తీసుకెళ్ళిన ప్రతిసారీ "బాగా చదువు రావాలని మొక్కుకో నాయనా" అనడం తప్ప ఇంకో మాట చెప్పినట్టు నాకు గుర్తు లేదు.

చిన్నదాని దగ్గరికొచ్చేసరికి మా అత్త దారి చూపింది. పోయిన ఉగాదికి దేవుని కడప వెళ్ళాం. ఆ రోజు లక్ష్మీ వేంకటేశ్వరస్వామి దర్శనానికి ముస్లింలు కూడా టెంకాయలు పట్టుకుని వస్తారని కడపలో అందరికీ తెలుసు, ఆరేళ్ళ పిల్లకు తెలియదు. మా ముందు బుర్ఖా వేసుకున్న ఒకావిడ ఉంటే "జేజీ, వీళ్ళు దర్గాకు కదా పోయేది?" అని గట్టిగా అడిగేసింది. నేను దాని నోరు మూయించబోయాను. మా అత్త మాత్రం కిందికి వంగి "బీబీ నాంచారమ్మ వాళ్ళింటి ఆడబిడ్డ, స్వామి వాళ్ళకు అల్లుడు. పండగ పూట అల్లుని చూడ్డానికి వచ్చినారమ్మా" అంది. ఆవిడ వెనక్కి తిరిగి నవ్వి, సంచిలోంచి బెల్లం ముక్క తీసి పాప చేతిలో పెట్టింది. ఇంటికొచ్చాక అది అడిగిన మొదటి మాట, "మనం పెద్ద దర్గాకు ఎప్పుడు పోదాం?" ఒక గురువారం ఆ పెద్ద దర్గాకు, అదే అమీన్ పీర్ దర్గాకు, తీసుకెళ్ళాం కూడా.

నేను చెప్పేది ఇదే, పిల్లలు అడిగితే నోరు మూయించొద్దు. మరీ చిన్నవాళ్ళకైతే దీపం పెట్టేటప్పుడు వత్తి చేతికిస్తే చాలు, చూసి నేర్చుకుంటారు. కాస్త పెరిగాక ప్రశ్నలు మొదలవుతాయి, అప్పుడు "అట్లా అంటే కళ్ళు పోతాయి" అని భయపెట్టకుండా, తెలిసింది చెప్పి, తెలియకపోతే తెలియదని ఒప్పుకోవాలి. పదిహేనేళ్ళు దాటాక గుడికి రానంటారు. మా వాడు ఇప్పుడు అంతే. తంతులను, రాతి పూజలను నిలదీసిన వేమన సమాధి కదిరి దగ్గర కటారుపల్లిలోనే ఉంది, ఆయన్ను యోగి అని కొలుస్తాం, మన ఇంట్లో పిల్లాడు అదే మాట అడిగితే మాత్రం చెడిపోయాడని ఏడుస్తాం! గుడికి రాని మా వాడు పోయిన ఎండాకాలమంతా మా వీధి చలివేంద్రంలో పొద్దున్నే కుండలు కడిగి నీళ్ళు నింపాడు. ఎవరూ చెప్పలేదు. నాకు అది తక్కువ భక్తిగా కనిపించలేదు.

అసలు ఇవన్నీ మాట్లాడుకోవడానికి పిల్లలు ఇంట్లో ఉంటే కదా. వాడు పదిలో ఉన్నప్పుడు ఉగాది పొద్దున కూడా స్టడీ అవర్స్ పెట్టారు. పేరెంట్స్ మీటింగ్‌లో పండగ రోజైనా వదిలేయండి అంటే తోటి తల్లిదండ్రులే టైం వేస్ట్ అన్నారు, టెన్షన్ నాకూ ఉంది, అయినా ఆ మాట బాధనిపించింది. ఒంటిమిట్ట మనకు పాతిక కిలోమీటర్ల దూరం, అక్కడ రాములవారి కల్యాణం రాత్రిపూట, వెన్నెల్లో జరుగుతుంది, మా వాడు ఇంతవరకు చూడలేదు. ఏటా పరీక్షలో, కోచింగో అడ్డం.

పండగ రోజుల్లో క్లాసులు పెట్టకుండా విద్యాశాఖ వాళ్ళు గట్టిగా చూడాలి. గుళ్ళల్లో, దర్గాల్లో, చర్చిల్లో ఉండే పెద్దలు ఆదివారం ఒక అరగంట పిల్లల్ని కూర్చోబెట్టుకుని వాళ్ళు అడిగినవాటికి ఓపిగ్గా జవాబు చెప్పాలి. ఈసారి ఇంటర్ పరీక్షలకు మా ఇంటి నుంచి హాల్ టికెట్ గుడికి వెళ్ళదు.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
ఎర్రముక్కపల్లి, కడప