డిగ్రీ సిలబస్‌ను ఎవరు నిర్ణయిస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

విశ్వవిద్యాలయాల గురించి పత్రికల్లో వార్త వచ్చిందంటే అది ఉపకులపతి నియామకం గురించో, ఖాళీ పోస్టుల గురించో, హాస్టల్ భోజనం గురించో అయి ఉంటుంది. మూడూ రాయవలసినవే. కానీ మన పిల్లలు డిగ్రీలో ఏం చదవాలి, ఏ మాధ్యమంలో చదవాలి, ఎన్నేళ్లు చదవాలి అన్నది ఎవరు, ఎక్కడ కూర్చుని తేలుస్తున్నారన్న ప్రశ్న ఎవరూ వేయడం లేదు. డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక ఆ ప్రశ్న నేను వేస్తున్నాను.

చట్టం చూస్తే జవాబు సులువుగానే దొరుకుతుంది. 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం పాలన, ఆర్థిక వ్యవహారాలు పాలక మండలివి. చదువుకు సంబంధించినవి అకడమిక్ సెనేట్‌వి. సబ్జెక్టుల వారీగా సిలబస్ రూపొందించే బాధ్యత బోర్డ్ ఆఫ్ స్టడీస్‌ది. రాష్ట్రం రెండైనా తెలంగాణలోనూ ఇదే చట్టం నడుస్తోంది. ఇక 1988లో చట్టం చేసి ఏర్పాటు చేసిన ఉన్నత విద్యామండలి విశ్వవిద్యాలయాల మధ్య సమన్వయం చూడాలి, ప్రభుత్వానికి సలహా ఇవ్వాలి. కాగితం మీద ఇందులో వంక పెట్టడానికేమీ లేదు.

జరుగుతున్నది వేరు. 2021 జూన్‌లో, ఆ విద్యాసంవత్సరం నుంచే డిగ్రీ కోర్సులన్నీ ఆంగ్ల మాధ్యమంలో నడపాలని ఆంధ్రప్రదేశ్‌లో ఆదేశం వచ్చింది. 1968లో తెలుగు అకాడమీని స్థాపించి, అర్ధ శతాబ్దంగా ఒక్కొక్కటిగా కూర్చుకున్న డిగ్రీ పాఠ్యపుస్తకాలు ఏమవుతాయి? మూడు దశాబ్దాలు తెలుగులో పాఠం చెప్పిన అధ్యాపకుడికి శిక్షణ ఎప్పుడు, ఎవరిస్తారు? తెలుగులో ఇంటర్ చదివి వచ్చిన పిల్ల మొదటి సెమిస్టర్ పరీక్ష ఎలా రాస్తుంది? ఈ ప్రశ్నలకు ముందే జవాబులు వెతకవలసిన చోటు అకడమిక్ సెనేట్. ప్రవేశాలకు వారాల వ్యవధి ఉండగా వచ్చిన ఆదేశం మీద సెనేట్ చర్చించేదేముంటుంది, తలూపడం తప్ప?

రెండేళ్లు తిరగకుండానే మరొకటి వచ్చింది. 2023-24 నుంచి సింగిల్ మేజర్ విధానం. అంతకుముందు బీఎస్సీ ఎంపీసీ విద్యార్థి లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం మూడూ సమానంగా చదివేవాడు. మూడింటిలో దేనిలోనైనా పీజీకి వెళ్లేవాడు. బీఈడీ చేసి ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయనశాస్త్రాలు రెండూ చెప్పేవాడు. కొత్త విధానంలో ఒకటి మేజర్, మరొకటి మైనర్. చేరేటప్పుడే, అంటే పదిహేడు పద్దెనిమిదేళ్ల వయసులోనే, ఎటు పోవాలో తేల్చుకోవాలి. పైగా చిన్న పట్టణాల కళాశాలల్లో ఒక మేజర్‌లో చేరేవాళ్లు తగ్గితే ఆ విభాగానికే ఎసరు. ప్రయోగశాలకు తాళం పడుతుంది, అధ్యాపకుడు మరో ఊరికి బదిలీ అవుతాడు. ఈ విధానంలో మేలు లేదని నేననడం లేదు. ఒక విషయాన్ని లోతుగా చదవడం మంచిదే. నేనడిగేది ఒక్కటే: ఈ లాభనష్టాలు ఏ సెనేట్‌లో ఎవరు వాదించారు? ఎవరు కాదన్నారు? కాదన్నవాళ్లకు ఏమని సమాధానం చెప్పారు? ఒక విద్యార్థి తండ్రి ఇది తెలుసుకోవాలంటే ఏ కాగితం చూడాలి?

లోపల పని ఎలా సాగుతుందో కొంత చూశాను. ఒకప్పుడు ఒక విశ్వవిద్యాలయం బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో సభ్యుణ్ణి. ఒక సమావేశానికి వెళ్లేసరికి సిలబస్ పుస్తకం అచ్చై, బైండింగ్ చేసి బల్లమీద పేర్చి ఉంది. హాజరు పట్టీలో సంతకం పెట్టమన్నారు, పెట్టాం. ప్రయాణ భత్యం ఫారాలు నింపాం, సమోసాలు తిన్నాం. రెండో సెమిస్టర్‌లో కర్బన రసాయనం మరీ ఎక్కువైందని, ప్రాక్టికల్స్‌కు గంటలు చాలవని ఇద్దరు ముగ్గురం అన్నాం. నోట్ చేసుకుంటామన్నారు. నెల తర్వాత చేతికొచ్చిన మినిట్స్‌లో, అంటే సమావేశంలో జరిగినదాన్ని నమోదు చేసిన కాగితంలో, ‘సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు’ అనే ఒక్క వాక్యం ఉంది. దాని వెనక జతచేసిన సంతకాల కాగితం మేం పొద్దున హాజరుకు పెట్టినదే! ఆ విశ్వవిద్యాలయం పేరు చెప్పను, చెప్పినా ప్రయోజనం లేదు. ఈ ముక్క చదివిన అధ్యాపకులు ఎవరి విశ్వవిద్యాలయాన్ని వాళ్లు తలచుకుంటారు.

సెనేట్‌కూ పాలక మండలికీ అధ్యక్షుడు ఉపకులపతే. మరి ఆ కుర్చీ పరిస్థితి? తెలంగాణలో 2019 నుంచి 2021 దాకా చాలా విశ్వవిద్యాలయాలు ఐఏఎస్ అధికారుల ఇన్‌ఛార్జి పాలనలో గడిచాయి. 2024లో మే నుంచి అక్టోబరు వరకు మళ్లీ అదే. తన శాఖ ఫైళ్లతోనే సతమతమయ్యే అధికారి సెనేట్ సమావేశానికి రోజంతా కేటాయించి సిలబస్ మీద వాదనలు వింటారని ఎలా ఆశిస్తాం? 2023లో నిజామాబాద్‌లోని తెలంగాణ విశ్వవిద్యాలయంలో పాలక మండలి ఒకరిని, ఉపకులపతి మరొకరిని రిజిస్ట్రార్‌గా ప్రకటించి, ఒక్క కుర్చీకి ఇద్దరు పోటీ పడిన వింత కూడా చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే ఉపకులపతులు వరసగా రాజీనామాలు సమర్పించారు. చాలా చోట్ల కొత్తవారు వచ్చేసరికి 2025 ఫిబ్రవరి. 1930లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి కూడా రాజీనామా చేశారు. అది బ్రిటిష్ ప్రభుత్వ దమనకాండకు నిరసనగా. రెండు రాజీనామాలకూ తేడా ఏమిటో పాఠకులకు వివరించి చెప్పనక్కర్లేదు.

2025 జనవరిలో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ముసాయిదా నిబంధనలు విడుదల చేసినప్పుడు దేశమంతా పెద్ద చర్చ జరిగింది. ఉపకులపతి పదవికి పేర్లు వెతికే అన్వేషణ కమిటీని గవర్నరే వేస్తారా, ఆచార్యుడు కాని పారిశ్రామికవేత్తో పాలనాధికారో ఉపకులపతి కావచ్చా అని. రాష్ట్రాల అధికారం మీద గొడవ కాబట్టి అది జరగవలసిన చర్చే. కానీ ఉపకులపతిని ఎవరు నియమించినా, ఆయన సెనేట్‌ను పిలిచి మాట విననప్పుడు ఒరిగేదేమిటని అడిగినవారు తక్కువ.

పాత సెనేట్‌లలో పట్టభద్రులు ఎన్నుకున్న ప్రతినిధులుండేవారు. ఆ ఎన్నికల్లో కులం లెక్కలు, ముఠాలు, కోర్టు కేసులు ఉండేవని పెద్దలు చెబితే విన్నాను. వాటిని మళ్లీ తెమ్మని అడగను. ఎన్నికైన సభ్యులున్నా తొందరపాటు ఆగదని ఢిల్లీ విశ్వవిద్యాలయం చూపించింది. అక్కడ 2012 డిసెంబరులో మన సెనేట్ లాంటి అకడమిక్ కౌన్సిల్‌లో నాలుగేళ్ల డిగ్రీకి ఆమోదం పొంది, 2013 జులైలో మొదలుపెట్టారు. 2014 జూన్‌లో యూజీసీ ఆదేశంతో ఉపసంహరించుకున్నారు. నాలుగేళ్లకని చేరిన ఒక బ్యాచ్ మధ్యలో మూడేళ్ల డిగ్రీకి మారవలసి వచ్చింది. అయితే అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. ఒప్పుకోని సభ్యులు అసమ్మతి పత్రం రాసిస్తారు, అది బయటికి వస్తుంది. హెచ్చరిక ముందే చేశారని తర్వాతైనా తెలిసింది. మన దగ్గర అదీ లేదు, అంతా ఏకగ్రీవమే.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చదివితే చాలు. ప్రతి ప్రభుత్వ సంస్థా తన మండళ్లు, కమిటీల వివరాలు, వాటి సమావేశాల మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉంటాయా లేదా అన్నది, ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే, తనంతట తాను వెల్లడించాలని అందులో ఉంది. ముఖ్యమైన విధానం రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలు ప్రచురించాలనీ, నిర్ణయం వల్ల ప్రభావితులయ్యేవారికి కారణాలు చెప్పాలనీ ఉంది. మాధ్యమం మార్చడం, మూడు సబ్జెక్టుల డిగ్రీని ఒక సబ్జెక్టుకు మార్చడం కంటే ముఖ్యమైన విధానం విశ్వవిద్యాలయానికి మరేముంటుంది?

నేను కోరేది చిన్నది. సెనేట్ అజెండాను సమావేశానికి కనీసం పదిహేను రోజుల ముందు వెబ్‌సైట్‌లో పెట్టాలి. సభ దగ్గర పంచే టేబుల్ అజెండాలో కోర్సుల స్వరూపం మార్చే అంశాలు ఉండకూడదు. మినిట్స్‌లో ఎవరేమన్నారో, ఎవరు కాదన్నారో రాయాలి. హాజరు పట్టీ, ఆమోద పత్రం వేర్వేరుగా ఉండాలి. ఉన్నత విద్యామండలి నుంచి వచ్చే సూచన ఏదైనా ప్రవేశాల ప్రకటనకు ఒక పూర్తి విద్యాసంవత్సరం ముందు సెనేట్ ముందుకు రావాలి. ఆలస్యమవుతుందని అధికారులు అంటారు. అవుతుంది, కానివ్వండి. ఆదేశాలు ఆగమేఘాల మీద వచ్చిన ఏడాది చేరిన పిల్లలకు పోయిన కాలం ఎవరూ తిరిగి ఇవ్వడం లేదు కదా.

మీ పత్రికకు ప్రతి జిల్లాలో విలేకరులున్నారు. వారిని ఒక్కసారి తమ ప్రాంతంలోని విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్ దగ్గరికి పంపి, గత మూడేళ్ల అకడమిక్ సెనేట్ మినిట్స్ చూపమని అడగమనండి. చూపినవాటిని, చూపని విశ్వవిద్యాలయాల పేర్లను పక్కపక్కనే అచ్చు వేయండి.

ఇట్లు,
విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి