ఒక గది, వారానికి ఒక గంట

తెలంగాణ ఉన్నత విద్యామండలి ఛైర్మన్ గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. పందొమ్మిదేళ్లయింది. మా కాలేజీలో గే, లెస్బియన్, ట్రాన్స్ విద్యార్థులు పదకొండు మంది కలిసి ఒక బృందం పెట్టుకున్నారు. సలహాదారుగా ఉండమంటే సరేనన్నాను. వాళ్లు అడిగింది ఒక గది, శుక్రవారం సాయంత్రం ఒక గంట. ఫొటోగ్రఫీ క్లబ్బుకు ఇచ్చేదే.

దరఖాస్తు తిరిగొచ్చింది. పక్కన ఎర్ర సిరాతో, 'సభ్యులందరి తల్లిదండ్రుల సంతకాలు జతచేయాలి' అని ఉంది. ఫొటోగ్రఫీ క్లబ్బును ఎవరూ ఈ సంతకాలు అడగలేదు. ఈ పిల్లలు సంతకానికి ఇంటికి వెళ్లడమంటే, ఇంకా అమ్మకే చెప్పుకోని సంగతిని కాగితం మీద రాసి నాన్న చేతిలో పెట్టడం. ఆ తర్వాత చదువు మాన్పించొచ్చు, సంబంధాలు చూడొచ్చు, 'నయం చేయించడానికి' ఏ డాక్టరు దగ్గరికో లాక్కెళ్లొచ్చు. అలా నయం చేస్తామనడం వృత్తిరీత్యా దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఆ మాట మన ఇళ్లదాకా చేరలేదు.

అదే వారం, నోటీసు బోర్డు మీద వాళ్ల పోస్టరుపై ఎవరో స్కెచ్ పెన్నుతో 'తేడా బ్యాచ్' అని రాశారు. దాని కింద 'పాయింట్ ఫైవ్' అని మరో వెక్కిరింత. పొద్దున ఎనిమిదింటికి నేను వెళ్లేసరికి సెకండియర్ అబ్బాయి ఒకడు కర్చీఫ్ తడుపుకొని ఆ అక్షరాలు తుడుస్తున్నాడు. సిరా పోలేదు, కాగితం చిరిగింది. 'అందరూ వచ్చేలోపు తీసేద్దామని మేడమ్' అన్నాడు, తప్పేదో తనే చేసినట్టు తలవంచుకొని. 'తేడా' అన్నది నేను రోజూ పాఠం చెప్పే భాషలోని మాటే. లెక్కలో తేడా వచ్చింది అన్నంత తేలిగ్గా మనిషిని అనేస్తున్నాం. ఆ రోజు క్లాసులో నాకు పాఠం సాగలేదు.

మా గేటు దగ్గర ర్యాగింగ్ నిరోధక బోర్డు ఉంది. 1997 నాటి చట్టం, శిక్షలు పెద్దక్షరాల్లో ఉన్నాయి. లైంగిక ఆసక్తిని బట్టి తోటి విద్యార్థిని వేధించినా, వెలివేసినా అదీ ర్యాగింగేనని యూజీసీ 2016లో చేర్చిన వాక్యం మాత్రం లేదు. అడిగితే, 'అవన్నీ పెద్ద యూనివర్సిటీలకు లెండి' అన్నారు. నల్సార్ లా యూనివర్సిటీ 2022లో ఒక హాస్టల్ భవనంలో కింది అంతస్తునే ఇలాంటి విద్యార్థులకు కేటాయించింది. అదేమీ పరాయి ఊరు కాదు, మన శామీర్‌పేటే. మా వాళ్లు అడిగింది అంతస్తు కాదు, గది.

హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలన్న నిజాం కాలపు చట్టాన్ని 2023 జులైలో మన హైకోర్టే కొట్టేసింది. సంతకాల జాబితా అడిగినప్పుడు నాకు ఆ రిజిస్టరే గుర్తొచ్చింది. పరస్పర అంగీకారంతో కలిసే పెద్దవాళ్లు నేరస్థులు కారని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పేనాటికి ఈ పిల్లలు ఇంకా బడిలో ఉన్నారు. తాము నేరస్థులం కామని వాళ్లకు తెలుసు. కాలేజీలో అడుగుపెట్టాకే మళ్లీ దాక్కోవడం నేర్చుకుంటున్నారు.

బృందాలు పెడితే మిగతా పిల్లలు చెడిపోతారని కొందరు తల్లిదండ్రులు నాతో అన్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఆ గంటలో జరిగేది చూశాను కాబట్టి చెబుతున్నాను: హాస్టల్లో పక్క మంచం వాడు మాట్లాడటం మానేస్తే ఏం చేయాలి, ఇంట్లో పెళ్లి మాట ఎత్తితే ఏమనాలి, సెమిస్టర్ పరీక్షలకు ఎవరి నోట్సు బాగున్నాయి. ఇవే మాటలు.

మండలి నుంచి అన్ని కాలేజీలకూ ఒక సర్క్యులర్ పంపండి. ఈ బృందాలకు మిగతా క్లబ్బుల నిబంధనలే వర్తిస్తాయని, విద్యార్థి ఒప్పుకోకుండా ఇంటికి కబురు పంపకూడదని అందులో స్పష్టంగా ఉండాలి. 2016 నాటి ఆ వాక్యాన్ని తెలుగులో, ఉర్దూలో ప్రతి గేటు దగ్గరా రాయించాలి.

ప్రస్తుతం శుక్రవారాలు ఇందిరా పార్కులో చెట్టు కింద కూర్చుంటున్నాం. వానొస్తే ఆ వారం లేనట్టే. డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాలు, అంటే దోస్త్ అడ్మిషన్లు, మొదలయ్యేలోపు మీ నిర్ణయం చెప్పమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు అధ్యాపకురాలు, హైదరాబాద్