లెక్క వేశాకే సోలార్ కొనండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా పొలం దగ్గర రెండు గదుల ఇంటికి కరెంటు లైన్ లేదు, అందుకే సోలార్ పెట్టించాం. షాపతను రోజుకి ఎంత వాడతారని అడక్కుండానే 100 వాట్ల ప్యానెల్, ఒక బ్యాటరీ అంటగట్టాడు, రోజూ రాత్రి 2 గంటలకల్లా ఫ్యాన్ ఆగిపోయి పిల్లలు చెమటతో లేచి కూర్చునేవాళ్ళు, ఏడాదికే బ్యాటరీ పోయింది.

తర్వాత నేనే లెక్క వేశాను. 9 వాట్ల బల్బులు మూడు 5 గంటలు, టీవీ 40 వాట్లు 3 గంటలు, ఫ్యాన్ 10 గంటలు. పాత ఫ్యాన్ 75 వాట్లు, అదొక్కటే 750 వాట్ అవర్లండీ (వాట్లని గంటలతో గుణిస్తే వచ్చేది)! తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాన్ పెడితే బల్బులు, టీవీతో మొత్తం కలిపి రోజుకి 555 వాట్ అవర్లకి దిగింది. దానికి 200 వాట్ల ప్యానెల్ దక్షిణం వైపు వాల్చి పెడితే సరిపోతుంది, 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత నిల్వ చేస్తుందో చెప్పే కొలత) లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, మొత్తం పిండితే త్వరగా చచ్చిపోతుంది.

ఇంటి మీద సోలార్‌కి కేంద్రం ఇచ్చే సూర్యఘర్ సబ్సిడీ గ్రిడ్‌కి, అంటే కరెంటు లైన్‌కి కలిపిన ఇళ్ళకే, మాలాంటి వాళ్ళకి కూడా ఏదైనా సాయం చెయ్యాలి, అమ్మేవాళ్ళు ఈ లెక్క కాగితం మీద రాసిచ్చేలా రూల్ పెట్టాలి.

— ఒక రైతు