గజిబో కట్టే ముందు ఎండ ఎటు పడుతుందో చూడండి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పురపాలక శాఖ మంత్రి గారికి నమస్కారం.

హైదరాబాద్‌లో ఇప్పుడు చాలా కాలనీ పార్కుల్లో ఒక గజిబో, అంటే స్తంభాల మీద కప్పుతో చుట్టూ తెరిచి ఉండే చిన్న మంటపం, కనిపిస్తుంది. చుట్టూ వాకింగ్ ట్రాక్, ఓ మూల ఓపెన్ జిమ్, పిల్లలకి జారుడుబల్ల, నడుమ గజిబో. అది ఉండాలనే నేను కోరుకుంటాను. ఇరుకు ఫ్లాట్లలో బతికే మాలాంటి వాళ్లకి, నలుగురితో కూర్చుని మాట్లాడుకోవడానికి పైసా ఖర్చు లేని చోట్లు ఈ ఊళ్లో పెద్దగా మిగల్లేదు. అందుకే అడుగుతున్నాను. వాటిని మన ఎండకీ వానకీ చలికీ తగ్గట్టు కట్టించండి. కట్టినవాటిని కాలాన్ని బట్టి చూసుకునే ఏర్పాటు చేయండి.

మా పార్కులోని గజిబోకి ఆరు ఇనప స్తంభాలు, పైన ఎర్ర ఫైబర్ షీటు, లోపల గుండ్రంగా నల్ల గ్రానైట్ బెంచీ. ఏప్రిల్‌లో పొద్దు కాస్త ఎక్కితే ఆ గ్రానైట్ మీద అరచెయ్యి కూడా ఆనించలేం. షీటు పల్చన, దాని కింద సీలింగ్ లేదు. పైన ఎంత కాలితే ఆ సెగంతా నెత్తి మీదికే దిగుతుంది. నాలుగడుగులు వేసి పక్కనున్న కానుగ చెట్టు కిందికి వెళ్తే ప్రాణం లేచొస్తుంది. తోటపని చేసే ఆడవాళ్లు మధ్యాహ్నం టిఫిన్ బాక్సులు విప్పుకునేది ఆ చెట్టు కిందే, మట్టి నేల మీద. డిజైన్ గీసేవాళ్లు మే నెలలో ఒక్క మధ్యాహ్నం వచ్చి, మనుషులు ఎక్కడ కూర్చున్నారో చూసి వెళ్తే సగం తప్పులు జరగవు.

మన రాష్ట్రానికి 2023లో తెచ్చుకున్న కూల్ రూఫ్ పాలసీ ఉంది, 2028 దాకా వర్తిస్తుంది. ఎండని తిప్పికొట్టే తెల్లటి పూతలు, పెంకుల లాంటివి పైకప్పులకి వాడాలని ప్రభుత్వమే చెప్పింది. భవనాలకి చెప్పిన మాట పార్కుల్లో గజిబోలకి ఎందుకు వర్తించకూడదు? ఉన్న షీట్ల మీద తెల్ల పూత వేసి, కింద వెదురు తడకతోనో మరో దానితోనో ఒక సీలింగ్ కట్టి, మధ్యలో గాలి ఆడేలా జానెడు ఖాళీ వదిలితే చాలు, కింద కూర్చున్నవాళ్లకి తేడా తెలుస్తుంది. కొత్తగా కట్టేవాటికి మంగళూరు పెంకు వేయించండి. గ్రానైట్ బదులు చెక్క బల్లలు పెట్టించండి. ఎర్ర షీటు, నల్ల రాయి ప్రారంభోత్సవం ఫోటోలో బాగుంటాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి కూర్చోవాల్సింది మేము.

ఇంకో మాట. చాలా పార్కులకి పొద్దున్న పూట దాటగానే తాళం వేస్తారు, మళ్లీ సాయంత్రం తీస్తారు. అంటే నీడ అవసరమైన గంటల్లోనే నీడకి తాళం. డెలివరీ కుర్రాళ్లు, రోడ్లు ఊడ్చే అమ్మలు, తోపుడుబండి వాళ్లు ప్రహరీగోడ బయట ఫుట్‌పాత్ మీద, లోపలి చెట్టు నీడ బయటికి ఎంత పడితే అంతలో ఒదిగి కూర్చుంటారు. 2015 ఎండలకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండనపడి పనిచేసే వాళ్లకి వడదెబ్బ ముప్పు ఎక్కువని మనందరికీ తెలుసు. 2010 వడగాల్పులకి దెబ్బతిన్న అహ్మదాబాద్, 2013లో ఎండల నుంచి జనాన్ని కాపాడే హీట్ యాక్షన్ ప్లాన్ తయారు చేసుకుని మిగతా నగరాలకి దారి చూపింది. మన దగ్గర పెద్ద ప్లాన్ సంగతి తర్వాత, ముందు మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం గేట్లు తీయించండి. గజిబో పక్కన ఒక చలివేంద్రం పెట్టించండి. కాపలాకి ఇంకో షిఫ్టు మనిషి కావాలి, ఆ జీతం ఖర్చు ఉంటుంది. అది పెట్టదగ్గ ఖర్చే.

ఎక్కడ కట్టాలన్నది కూడా ముఖ్యమే. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు హైదరాబాద్‌కి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు కప్పు ఉంటే చాలు. అసలు ఇబ్బంది నాలుగింటికి మొదలవుతుంది. పడమటి ఎండ ఏటవాలుగా లోపలికి దూరి బెంచీని సగం ఆక్రమిస్తుంది, జనం అంతా ఒక పక్కకి జరిగి కూర్చుంటారు. ఆ పడమటి వైపున కానుగో వేపో నాటితే ఉగాదికల్లా కొత్తాకు వేసి, ఎండలు ముదిరేసరికి గొడుగు పడతాయి. చెట్టు ఎదిగేదాకా ఒక పందిరి కట్టి రాధామనోహరం తీగ పాకించవచ్చు. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, తెల్లారేసరికి గులాబీ రంగుకి తిరిగి, ఆ తర్వాత ఎర్రబడే ఆ గుత్తుల్ని చూడటానికే పిల్లలు వస్తారు. కానీ దక్షిణం వైపు మాత్రం తెరిచి ఉంచాలి. డిసెంబరులో సూర్యుడు అటు వాలి ఉంటాడు, ఆ ఎండ లోపలికి రావాలి. మా పార్కులో ఆ వైపే పొదలు ఏపుగా పెంచారు. చలికాలం పొద్దున్నే వచ్చే పెద్దవాళ్లు గజిబో వదిలేసి, ప్లాస్టిక్ కుర్చీలు ఎండలోకి లాక్కుని కూర్చుంటున్నారు.

చెట్ల కొమ్మలు కొట్టే పని కూడా చలికాలంలోనే ముగిస్తే బాగుంటుంది. కరెంటు తీగలకి తగులుతున్నాయని ఏప్రిల్, మే నెలల్లో మోడు చేసేస్తే ఆ ఏటికి నీడ పోయినట్టే.

వాన సంగతి. చూరు పొట్టిగా ఉంటే ఈదురుగాలితో వచ్చే జల్లు ఈ చివర నుంచి ఆ చివరకి కొట్టేస్తుంది. చూరు కనీసం మూడడుగులు బయటికి రావాలి. కప్పు మీది నీళ్లు కింద పడేచోట కంకర నింపిన కాలవ ఒకటి ఉండాలి. ఇప్పుడు నీళ్లు చుట్టూ గుంటలు తవ్వి నిలిచిపోతున్నాయి, వాటిలో దోమలు పెరుగుతున్నాయి. నేలకి వేసిన నున్నటి టైల్స్ తడిస్తే జారతాయి. మోకాళ్ల నొప్పులతో వచ్చే వాళ్లకి అది తుంటి ఎముక మీదికి తెచ్చే ప్రమాదం. గరుకు షాబాద్ బండలు మన దగ్గరే దొరుకుతాయి కదా.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది పిడుగు. ఉరుము వినగానే పిల్లలంతా గజిబోలోకి పరిగెడతారు. నాలుగు వైపులా తెరిచి ఉన్న కప్పు పిడుగు నుంచి కాపాడదు. గోడలున్న పక్కా భవనంలోకో, తలుపులు మూసిన కారులోకో వెళ్లాలి, చివరి ఉరుము వినిపించాక అరగంట దాకా బయటికి రాకూడదు. ఈ రెండు వాక్యాలు తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో ప్రతి గజిబో స్తంభానికీ రాయించండి. వాచ్‌మన్ ఫోన్‌లో పిడుగు హెచ్చరికలు ఇచ్చే దామిని యాప్ పెట్టించండి. ఖర్చేమీ లేదు.

పండగలు కూడా లెక్కలోకి తీసుకోండి. బతుకమ్మకి మా పార్కులో ఆడవాళ్లు వలయంగా తిరగడానికి గజిబో మెట్లు, రెయిలింగు అడ్డొస్తున్నాయి. పచ్చిక నట్టనడుమ కాకుండా ఒక అంచుకి జరిపి కడితే ఆ ఖాళీ మిగిలేది. కార్తీక వనభోజనాలకి దగ్గర్లో ఒక ఉసిరి చెట్టు, చేతులు కడుక్కోవడానికి ఒక కుళాయి ఉంటే ఎంత బాగుంటుందో.

ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని ఇది. పార్కుల టెండర్లలో కప్పు ఏ రకం, చూరు ఎంత, ఏ వైపు చెట్టు, ఏ వైపు ఖాళీ అన్నది రాయాలి. ఎండాకాలానికి ముందు, వానలకి ముందు, చలికాలానికి ముందు ఉద్యానవన సిబ్బంది ఒకసారి వచ్చి కాలనీ వాళ్ల సమక్షంలో చూసి, చేయాల్సింది రాసుకోవాలి. ఈ ఉత్తర్వు ఫిబ్రవరిలోపు వస్తే, వచ్చే ఎండలకే కప్పులకి తెల్ల పూత పడుతుంది, మధ్యాహ్నం గేట్లు తెరుచుకుంటాయి. మా పార్కుతోనే మొదలుపెడతామంటే, చెట్లకి నీళ్లు పోసే బాధ్యత మా కాలనీ ఆడవాళ్లం తీసుకుంటాం.

ఇట్లు,
రోజూ పార్కుకి వచ్చే ఒక హైదరాబాద్ గృహిణి