కార్లకు చిల్లుల డిస్కులు ఇక చేయం
చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. కార్లకు చిల్లులు పెట్టిన బ్రేక్ డిస్కులు తయారు చేయడం ఆపేశాం. ఉన్న స్టాకు కూడా అమ్మడం లేదు. వాటి బదులు కొత్త వెంటిలేటెడ్ డిస్క్, అంటే లోపల గాలి ఆడే డిస్క్, వస్తోంది. పాతదానికన్నా కాస్త బరువెక్కువ, చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది. చక్రం సందుల్లోంచి చూసి ఎవరూ మెచ్చుకోరు. "మరి దీనికి అంత డబ్బెందుకు?" అని మీరు అడుగుతారని తెలుసు. అందుకే ఈ వివరం.

బండి వేగాన్ని వేడిగా మార్చడమే బ్రేక్ పని. 1500 కిలోల కారు గంటకు 100 కి.మీ. వేగంలో ఉన్నప్పుడు ఆపితే దాదాపు 580 కిలోజౌళ్ల శక్తిని వదిలించుకోవాలి. 50 కి.మీ. వేగంలో అయితే అందులో నాలుగో వంతే. బ్రేక్ వేయగానే బండి బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ఆ వేడిలో మూడింట రెండు వంతులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ముందు డిస్కుల మీదే పడుతుంది. ఎనిమిది కిలోల డిస్క్ అయితే ఆ ఒక్క బ్రేకుకే సుమారు 50 డిగ్రీలు వేడెక్కుతుంది. ఒక్కసారికైతే ఫర్వాలేదు. చల్లారే వ్యవధి ఇవ్వకుండా ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకీ తొక్కుతూ దిగితేనే అసలు కథ మొదలవుతుంది.

వేడిని ముందు తీసుకునేది ఇనుము, ఆ తర్వాతే గాలి. చిల్లులు పెట్టామంటే ఆ ఇనుమునే తగ్గించుకున్నట్టు. పాత రకం ప్యాడ్లు (డిస్కును రెండు వైపులా నొక్కిపట్టే పలకలు) కాలినప్పుడు వచ్చే గ్యాస్ బయటికి పోవడానికి ఒకప్పుడు చిల్లులు పనికొచ్చేవి. ఇప్పటి ప్యాడ్లలో ఆ బెడద బాగా తగ్గింది. వానలో నీటిని త్వరగా వదిలించడం అనే లాభం మాత్రం ఇప్పటికీ ఉంది, కాదనను. బైకులకు వాడే సన్నటి స్టీల్ డిస్కుల్లో చిల్లులు అలాగే ఉంచుతున్నాం.

బాగా వాడి విప్పేసిన చిల్లుల డిస్క్ ఒకటి ఇప్పుడు బెంచి మీద ఉంది. అక్కడక్కడా నీలం మచ్చలు. చిల్లు అంచున గోరు పెట్టి లాగితే సన్నగా తగులుతుంది. అది వెంట్రుకంత పగులు, పక్క చిల్లు వైపు సాగుతోంది. రాపిడికి పైపొర ముందు వేడెక్కి వ్యాకోచించాలని చూస్తుంది, లోపలున్న చల్లటి లోహం అడ్డుపడుతుంది. పైపొర నలిగిపోతుంది. చల్లారేటప్పుడు అదే పొర లాగుడుకు గురవుతుంది. ఇలా మళ్లీ మళ్లీ జరిగితే ఎక్కడ సందు ఉంటే అక్కడ చీలుతుంది. చిల్లు కన్నా మంచి సందు ఏముంటుంది?

కొత్త డిస్కుకు కార్బన్ ఎక్కువున్న గ్రే కాస్ట్ ఐరన్ (ఒక రకం పోత ఇనుము) వాడుతున్నాం. కాగితం మీద చూస్తే దీని బలం మామూలు రకం కన్నా తక్కువే. కానీ అందులోని గ్రాఫైట్ రేకులు వేడిని చకచకా పక్కకు లాగేస్తాయి, దాంతో పగుళ్లు ఆలస్యమవుతాయి, చప్పుడు కూడా తగ్గుతుంది. "తుప్పు పట్టని స్టీలుతో చేయొచ్చుగా?" అని అడిగినవారికి ఒకటే సమాధానం, ఆ స్టీలులో వేడి ఇంత త్వరగా పాకదు. కాస్టింగ్ (పోత పోసిన డిస్క్) వచ్చాక, లోపల మిగిలిన ఒత్తిడి పోయేలా కొలిమిలో 550 డిగ్రీలకు పైన ఉంచి, మెల్లగా చల్లార్చి, ఆ తర్వాతే లేత్ మీదికి ఎక్కిస్తున్నాం. డెలివరీ ఆలస్యానికి కారణం ఇదే. ఎంత తొందరపెట్టినా ఈ పని మానం.

రెండు ప్లేట్ల మధ్య వంపు తిరిగిన రెక్కలు ఉంటాయి. చక్రం తిరిగేకొద్దీ అవి మధ్యలోంచి గాలి పీల్చి అంచు నుంచి బయటికి తోస్తాయి. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. కుడి డిస్క్ వేరు, ఎడమ డిస్క్ వేరు. రెక్కల బయటి కొసలు తిరిగే దిశకు వెనక్కి వాలి ఉండాలి. చాలామంది మెకానిక్‌లు పైనున్న గాడులు చూసి బిగించేస్తారు. గాడులు కాదు, లోపలి రెక్కలు చూడమనండి.

300 మి.మీ. డిస్క్ 500 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం ఒకటిన్నర మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. మధ్యలో హబ్బుకు (చక్రం బిగించే దిమ్మకు) బిగించిన భాగం అంత పెరగదు. దాంతో డిస్క్ గొడుగులా ఒక పక్కకు వంగుతుంది. అందుకే ఆ రెండూ కలిసే మెడ దగ్గర గాడి తీసి కాస్త సాగే వీలు కల్పించాం. పరీక్షకు వేసిన డిస్కుల అంచున మూడు రంగుల పెయింట్ గీస్తాం. ఒకటి 430, ఇంకొకటి 560, మూడోది 610 డిగ్రీల దగ్గర రంగు మారుతుంది. ఎంత వేడెక్కిందో బండి నడిపినవాళ్ల మాట కన్నా ఆ గీతలే నిజం చెబుతాయి.

ఇక అమ్మేవాళ్లు మామూలుగా చెప్పని మాట. ఈ డిస్క్ వేసుకుంటే మీ బండి ఇప్పటికన్నా తక్కువ దూరంలో ఏమీ ఆగదు. ఇప్పటికే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేసేంత గట్టిగా బ్రేక్ పడుతోందంటే ఇక హద్దు టైరుదే. పదో బ్రేక్ కూడా మొదటి బ్రేకులా పడాలన్నదే మా ప్రయత్నం. ఊళ్లో ఆఫీసుకీ బజారుకీ తిరిగే కారైతే కంపెనీ డిస్క్ చాలు, మా దగ్గర కొనకండి.

వేడిలో బ్రేక్ పట్టకపోతే ప్రతిసారీ డిస్కును తిట్టడం కూడా సరికాదు. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు మాడుతున్నాయి. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగి అందులో ఆవిరి చేరింది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డిస్కుల మీద ఖర్చు పెట్టే ముందు ఆయిల్ మార్పించండి. ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గించండి.

"డిస్క్ బెండ్ అయింది, స్టీరింగ్ వణుకుతోంది" అని తిరిగి పంపేవారికి చిన్న విన్నపం. ముందు హబ్ మీద తుప్పు గీయించి, బోల్టులు సమానంగా టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) బిగించి, డిస్క్ ఎంత ఊగుతోందో డయల్ గేజ్‌తో కొలిచి చూడమనండి. అప్పటికీ ఊగితే పంపండి, మార్చి ఇస్తాం.

చిల్లుల డిస్కులకు అడ్వాన్స్ ఇచ్చినవారు కొత్తవి తీసుకోవచ్చు, లేదంటే డబ్బు పూర్తిగా వెనక్కి ఇచ్చేస్తాం. ఇప్పటికే మా చిల్లుల డిస్క్ వాడుతున్నవారు ప్యాడ్లు మార్చినప్పుడల్లా పగుళ్లు చూపించుకోండి. పగులు రెండు చిల్లులను కలిపినా, బయటి అంచును తాకినా ఆ రోజే విప్పించేయండి.