రాయికి టచింగ్ చేయొద్దు పాపా

కడప,
20 ఏప్రిల్ 2025

చిరంజీవి పాపకు,

నాన్న దీవెనలు. నాలుగు నెలల ఫెలోషిప్ బాకీ ఒక్కసారే పడిందని నువ్వు చెప్పిన పూట మీ అమ్మ దేవుని గూట్లో దీపం పెట్టింది. నెలకు 37,000 లెక్కన 1,48,000. ఆ ఊపులోనే అడిగితివి, "నాన్నా, ఐఫోన్ 16 ప్రో మాక్స్ తీసుకోనా, గెలాక్సీ ఎస్25 అల్ట్రా తీసుకోనా?" అని. అప్పుడు స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోల కోసం జనం నిలబడి ఉన్నారు. ఏదో ఒకటి అనేసి పెట్టేశాను. ఇది ఫోన్లో రెండు మాటల్లో తేలేది కాదు. అందుకే షట్టర్ దించి, నింపాదిగా కూర్చుని రాస్తున్నా.

అంత డబ్బూ ఒక ఫోన్ మీదనా అని మీ అమ్మ అంటోంది. నేను ఆ మాట అనను. సేద్యం చేసేవాడికి కాడెద్దులు ఎట్లనో, శాసనాలు చదివే నీకు కెమెరా అట్ల. గుడి వెనక ముళ్ళకంపల్లో పడి ఉన్న బండ దగ్గరికి పెద్ద కెమెరా, స్టాండు మోసుకుని ప్రతిసారీ పోలేవు. జేబులో ఉండేదే పనికొస్తుంది. కాబట్టి మంచిదే కొను. ఏది మంచిది అన్నదే మన లెక్క.

ముందు ఒక సంగతి చెప్పాలి. నీకు ఇంతవరకు చెప్పలేదు. పోయిన ఏడాది మైదుకూరు పక్క పల్లె నుంచి ఒక ముసలామె వచ్చింది. చచ్చిపోయిన మొగుడి ఫొటో, స్టాంపు బిళ్ళకన్నా కొంచెం పెద్దది, వానకు తడిసి మచ్చలు పడింది. పెద్దది చేసి పటం కట్టియ్యమంది. మన స్టూడియో పిల్లోడు కంప్యూటర్లో ఏదో ఏఐ యాప్‌లో వేశాడు. రెండు నిమిషాల్లో నిగనిగలాడే మొహం వచ్చింది. నాకూ బాగుందనే అనిపించింది. పటం కట్టి చేతికిస్తే ఆమె కొంగుతో అద్దం తుడిచి, ఎడమ కనుబొమ్మ మీద వేలు పెట్టింది. "ఈడ గాటు ఉండాల నాయనా. ఎద్దు పొడిచింది. ఇది ఆయప్ప కాదు" అనింది.

డబ్బులు వెనక్కిచ్చి, ఆ రాత్రి భూతద్దం పెట్టుకుని పాత ఫొటో చూస్తే, గాటు ఉండనే ఉంది పాపా. కనుబొమ్మ వెంట్రుకల్లో మసకగా ఒక గీత. మెషిన్ దాన్ని మరక అనుకుని తుడిచేసి, లేని కనుబొమ్మ అతికించింది. నాలుగు గంటలు కూర్చుని చేత్తో మళ్ళీ చేశాను. నేను ఈ పనిలో చేరిన కొత్తలో నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసేవాళ్ళం. మొటిమలు, ముడతలు సన్నం చేసేవాళ్ళం. పెళ్ళికూతురి మొహానికి అది మర్యాద. అయితే యాడ చేశామో మన చేతికి తెలిసేది. ఇప్పుడు ఫోన్ మనల్ని అడగకుండానే చేస్తుంది, చేసినట్టు చెప్పదు.

నీ పనిలో అదే ప్రమాదం. పూర్తిగా తెలుగులోనే ఉన్నవాటిలో మొదటిదని చెప్పే కలమళ్ళ శాసనం మన జిల్లాదే. క్రీ.శ. 575 ప్రాంతం, రేనాటి చోళుల ధనంజయుడిది. అట్లాంటి రాళ్ళలో అరిగినచోట ఒక గీత ఉందా లేదా అన్నదాని మీద ఒక పేరు, ఒక ఏడు మారిపోతుంది. రాతి మీది గంటును ఫోన్ సానబెట్టి అక్షరం చేస్తే నువ్వు దాన్నే చదువుతావు, నీ తర్వాతి వాళ్ళు నీ వ్యాసం చదువుతారు.

అందుకే నేను రెండు ఫోన్లూ చేత్తో పట్టుకుని చూడాలనుకున్నా. ఆల్బం కోసం వచ్చిన బెంగళూరు పిల్లోడి దగ్గర ఐఫోన్, మన వీడియో అబ్బాయి దగ్గర అల్ట్రా ఉన్నాయి. ఒక సాయంత్రం ఇద్దర్నీ వెంటబెట్టుకుని ఊర్లో మన బావి కాడికి పోయినా. గట్టు మీద మా జేజినాయన చెక్కించిన నాపరాయి బండ నీకు గుర్తుండాల. పేరు కింద బావి తవ్వించిన సంవత్సరం 195 వరకు తెలుస్తుంది, చివరి అంకె మోకు ఒరుసుకుని అరిగిపోయింది. మూడో ఎనిమిదో ఇంట్లో ఎవరికీ తెలీదు. మునుపు నా పాత ఫోన్‌తో తీస్తే నిక్కచ్చిగా 8 అని వచ్చింది. సంతోషపడి బండ మీద వేలు పెట్టి తడిమితే, ఎడమ పక్క గంటే లేదు. ఆ సగం ఫోన్ సొంతంగా పూడ్చింది.

ఈ రెండు ఫోన్లలో రా ఫైల్, అంటే ఫోన్ సానబెట్టకముందటి ఫొటో, వచ్చేటట్టు పెట్టి, పొద్దు వాలేటప్పుడు ఏటవాలు ఎండలో తీశాం. రెంట్లోనూ అంకె మసకగానే వచ్చింది. ఆ మసక చూసి నాకు మనసు కుదుటపడింది. ఉన్నది ఉన్నట్టు వచ్చిందన్నమాట.

రా విషయంలో ఐఫోన్‌ది సులువు. సెట్టింగ్స్‌లో ఒకసారి ప్రోరా ఆన్ చేసుకుంటే కెమెరాలోనే గుర్తు కనిపిస్తుంది. అల్ట్రాలో ప్రో మోడ్‌లో పెట్టుకోవాలి, లేదంటే ఎక్స్‌పర్ట్ రా అని వాళ్ళదే ఉచిత యాప్ దించుకోవాలి. ఒకరోజు అలవాటైతే పోతుంది.

దూరం తీసేదాంట్లో మాత్రం నాకు అల్ట్రా నచ్చింది. ఐదు రెట్ల జూమ్ రెంట్లోనూ ఉంది. ఐఫోన్‌లో ఆ లెన్స్‌కు 12 మెగాపిక్సెల్, అల్ట్రాలో 50. దీనికి తోడు మూడు రెట్లది 10 మెగాపిక్సెల్ లెన్స్ వేరే ఉంది. గోడ మీద ఎత్తున ఉన్న పంక్తులకే కాదు, కింద ఉన్న బండకు కూడా నువ్వు జూమ్ లెన్సే వాడాలి. దగ్గరికి పోయి వెడల్పు లెన్స్‌తో తీస్తే అంచుల్లో అక్షరాలు సాగుతాయి. నాలుగడుగులు వెనక్కి జరిగి మూడు రెట్లలో తియ్యి, పంక్తి తిన్నగా వస్తుంది. పెళ్ళిళ్ళలో గ్రూప్ ఫొటో చివర నిలబడినోళ్ళు లావుగా పడేది ఇందుకే.

200 మెగాపిక్సెల్ అని పెట్టె మీద ఉన్నదాన్ని చూసి మురిసిపోవద్దు. మామూలుగా నొక్కితే పదహారు చుక్కలు కలిపి ఒకటి చేసి 12 మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తుంది. ఐఫోన్ 48 కూడా అంతే, మామూలుగా 24 ఇస్తుంది. రాతికి 50 పెట్టుకుంటే చాలు.

ఐఫోన్‌లో లైడార్, అంటే వెలుగుతో దూరం కొలిచేది, ఉంది, అక్షరాల లోతు కొలుస్తుందేమో అన్నావు. గది కొలతలకు అది బాగుంటుంది గానీ, గోరంత లోతు కూడా లేని గీత దానికి అందదు. త్రీడీ కావాలంటే చుట్టూ తిరిగి ఒకదాని మీద ఒకటి పడేటట్టు యాభై అరవై ఫొటోలు తీసి కంప్యూటర్లో కలపాల్సిందే. ఆ పనికి ఏ ఫోన్ అయినా సరే.

ఇంక పెన్ను. అల్ట్రా లోపలే ఉంటుంది. బండ ఎదురుగా కూర్చునే ఫొటో మీద అక్షరాలు గీసుకోవచ్చు, అనుమానం ఉన్నచోట సున్న చుట్టుకోవచ్చు. గది కొచ్చి గీసేటప్పటికి వేలికి తగిలిన గంటు మరిచిపోతాం. నాకు అన్నింటికన్నా ఇదే పెద్ద లాభం అనిపించింది. పాత అల్ట్రాల మాదిరి పెన్ను నొక్కితే ఫొటో పడే ఏర్పాటు మాత్రం ఈ మోడల్‌లో తీసేశారు. రెండు సెకన్ల టైమర్ పెట్టుకో, చెయ్యి కదలదు. అల్ట్రా స్క్రీన్ అద్దం కూడా మీద పడిన వెలుగును తక్కువ తిప్పికొడుతుంది, ఎండలో ఏం తీశామో కనపడుతుంది.

వీడియోకు ఐఫోనే మేలు అని నేను ఇప్పటికీ అంటాను. పాతదైనాక అమ్మినా దానికే ఎక్కువ పలుకుతుంది. నువ్వు పెళ్ళి వీడియోలు తీసేదానివైతే రెండో మాట లేకుండా అదే కొనమందును. బరువులో పెద్ద తేడా లేదు, ఐఫోన్ 227 గ్రాములు, అల్ట్రా 218.

కాబట్టి అల్ట్రా తీసుకో తల్లీ. 256 జీబీది విడుదల ధర 1,29,999. ఐఫోన్ అంతే జీబీది 1,44,900. తేడా 14,901. ఆ డబ్బు మిగుల్చుకోవద్దు, నీ పనిలోనే పెట్టు. ముందు బ్యాటరీతో పనిచేసే చిన్న ఎల్‌ఈడీ లైటు ఒకటి. నడినెత్తి ఎండలో అక్షరం చచ్చిపోతుంది. బండను గొడుగు నీడలో పెట్టి, లైటును రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వేస్తే గీతగీతకూ నీడ పడి లేచి నిలబడుతుంది. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పైనుంచి, కిందనుంచి, నాలుగు దిక్కులా తియ్యి. ఒక దిక్కున కనపడి ఇంకో దిక్కున మాయమైతే అది గంటు, నాలుగు దిక్కులా ఒకే తీరుగా ఉంటే మరక అని అప్పుడు తేలుతుంది. తర్వాత చిన్న స్టాండు. మిగిలిందాంతో హార్డ్ డిస్క్. రెండు ఫోన్లలోనూ మెమరీ కార్డు పెట్టే సందు లేదు, రా ఫైళ్ళు ఊరికే నిండిపోతాయి. ఏ రోజుది ఆ రాత్రే టైప్-సీ వైరుతో ఎక్కించేయి. పెట్టెలో చార్జర్ కూడా రాదు, 45 వాట్లది మంచిది కొనుక్కో.

ఫొటోలో అడ్డం వచ్చినదాన్ని తుడిచేసే ఏఐ ఎడిటింగ్ రెంట్లోనూ ఉంది. శాసనం ఫొటోల జోలికి దాన్ని రానియ్యొద్దు. గడ్డిపోచ అడ్డం ఉంటే చేత్తో పీకి మళ్ళీ తియ్యి.

ఎండ జాగ్రత్త. 35 డిగ్రీలు దాటిన చోట వాడొద్దని ఫోన్ చేసినోళ్ళే చెప్తారు, మన కడపలో మే నెల సంగతి నీకు చెప్పాల్నా. పొద్దున ఏడు లోపల, సాయంత్రం అయిదు తర్వాత పని పెట్టుకో. రాతికి కావాల్సిన ఏటవాలు వెలుగు కూడా అప్పుడే. ఫోన్‌ను నీడలో పెట్టుకో, నువ్వు మాత్రం మజ్జిగ సీసా మరిచిపోవద్దు.

కొన్నాక ముందు హైదరాబాద్‌లో దేనికీ వాడకుండా ఒక ఆదివారం ఇంటికి రా. బావి కాడికి పోదాం. లైటు నేను పట్టుకుంటా, నువ్వు తియ్యి. మా జేజి ఉన్నన్నాళ్ళూ కరువు పోయిన ఏడే తవ్వించినారని చెప్పేది. ఆ లెక్కన 1953, చివరి అంకె మూడు కావాల. నువ్వు నాలుగు దిక్కులా తీసి చూసి చెప్పు.

మీ నాన్న